ఆర్ట్ మ్యూజియంలో ఇంటర్న్‌షిప్: నెల్లూరు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నది నెల్లూరులో ఫొటో ఫ్రేముల షాపు. నేను చదివింది బీకాం. డిగ్రీలో ఉండగా బెంగళూరులో ఒక సమకాలీన కళల మ్యూజియంలో రెండు నెలలు ఇంటర్న్‌గా చేశాను, ఆ తర్వాత అలాంటి చోటే ఇంకొన్నాళ్లు. అప్పట్నించి కాలేజీ జూనియర్లు, వాళ్ల అమ్మానాన్నలు, ఆఖరికి షాపుకి దేవుడి పటం కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను చేసిన మ్యూజియం పేరు మాత్రం రాయను, ఎందుకంటే నేను వెలగబెట్టిన ఘనకార్యాలు కూడా కింద ఉన్నాయి.

అక్కా, ఆర్ట్ మ్యూజియం అంటే సాలార్‌జంగ్ లాంటిదేనా?

సగం అలాంటిదే. వస్తువు తెచ్చుకోవడం, నంబరు వేయడం, పాడవకుండా దాచడం, జనానికి చూపించడం అక్కడా ఇక్కడా ఒకటే. తేడా ఏంటంటే సాలార్‌జంగ్‌లో ఉన్నవాటిని చేసినవాళ్లు ఎప్పుడో పోయారు, సమకాలీన కళల మ్యూజియంలో మాత్రం చేసినవాళ్లు చాలామంది బతికే ఉంటారు, ఫోన్ చేస్తారు, "నా బొమ్మని ఆ మూలకెందుకు పెట్టారు" అని గొడవ కూడా పెట్టుకుంటారు.

ఇంకో తేడా, వాడే సరుకు. సుబోధ్ గుప్తా మన వంటింట్లో ఉండే స్టీలు గిన్నెలు, టిఫిన్ క్యారియర్లతో పెద్ద పెద్ద శిల్పాలు చేస్తాడు. కర్ణాటకకి చెందిన షీలా గౌడ ఆవు పేడ, కుంకుమ, సూదులు, దారం వాడింది. వీడియోలు ఉంటాయి, శబ్దం మాత్రమే ఉండేవి ఉంటాయి. పేడతో చేసినదానికి పురుగు పట్టకుండా ఎట్టా చూసుకోవాలి, పదిహేనేళ్ల కిందటి సీడీలో ఉన్న వీడియో ఇప్పుడు దేంట్లో పెట్టి ఆడించాలి, ఇవి అక్కడ జీతం తీసుకునే మనుషులు కూర్చుని నిజంగా బుర్ర పగలగొట్టుకునే విషయాలు.

నాకు బొమ్మలు వేయడం రాదు. అప్లై చేయొచ్చా?

నాకూ రాదు. ఎనిమిదో తరగతి రికార్డులో నేను గీసిన మందార పువ్వు చూసి మా సైన్స్ మేడం ఇది క్యాబేజీయా అని అడిగింది. రెండు నెలల్లో నన్ను ఎవ్వరూ ఒక్క గీత గీయమనలేదు. అక్కడ కావాల్సింది వేయడం కాదు, చూడటం, చూసింది చూసినట్టు రాయడం. నాతోపాటు చేసినవాళ్లలో ఫైన్ ఆర్ట్స్ పిల్లలు ఉన్నారు, హిస్టరీ, ఇంగ్లీష్ లిటరేచర్, ఒక కంప్యూటర్స్ అబ్బాయి కూడా ఉన్నాడు. బీకాం నేనొక్కదాన్నే. మొదట చిన్నతనంగా అనిపించింది, రెండో వారంలో లోన్ పేపర్లు (బొమ్మల్ని వేరే మ్యూజియానికి కొన్నాళ్లు అరువిచ్చే ఒప్పందాలు), ఇన్సూరెన్స్ విలువలు, రవాణా బిల్లులు బల్ల మీద పడ్డప్పుడు మాత్రం అందరూ నా వైపే చూశారు.

అసలు ఏం పని చేయిస్తారు? రోజంతా బొమ్మలు చూస్తూ కూర్చోవడమేనా?

దీనికి జవాబు కొంచెం పొడుగు.

మొదటి రోజు నా చేతికి ఇచ్చినవి ఒక పెన్సిలు, ఒక టేపు, ఒక టార్చి. పెన్ను బ్యాగులో వదిలేసి లోపలికి రమ్మన్నారు. బొమ్మలు దాచే స్టోరులోకి పెన్ను తీసుకెళ్లకూడదు, పెన్సిలు గీత పొరపాటున పడితే తుడవొచ్చు, ఇంకు పడిందంటే దానికి ఆ మచ్చ జీవితాంతం. నీళ్ల బాటిల్ వద్దు, వేలాడే గాజులు, పెద్ద ఉంగరాలు వద్దు, మెడలో ఐడీ కార్డు కూడా తీసి జేబులో పెట్టుకోమన్నారు, వంగినప్పుడు అది బొమ్మకి తగులుతుందని.

ఎక్కువ రోజులు చేసింది కండిషన్ రిపోర్టులు. ఒక బొమ్మ లోపలికి వచ్చినా, వేరే ఊరు ప్రదర్శనకి బయల్దేరినా, ఆ రోజున దాని ఒంటి మీద ఏ మచ్చ ఎక్కడుందో రాసి పెట్టే కాగితం అది. అద్దె బైకు తీసుకునే ముందు చుట్టూ తిరిగి గీతలు ఫొటో తీసుకుంటాం కదా, అదే పని, పదింతల ఓపికతో. నేను మొదటి రిపోర్టులో "కింద కొంచెం చిరిగింది" అని రాస్తే కొట్టేసి వెనక్కిచ్చారు. పై అంచు నుంచి 42 సెంటీమీటర్లు, ఎడమ అంచు నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర, 6 మిల్లీమీటర్ల చిరుగు, ముక్క ఊడిపోలేదు. ఇట్టా ఉండాలి. "కొంచెం" అన్న మాట ఆ కాగితం మీద కనబడకూడదు.

టార్చి ఎందుకంటే, వెలుతురు ఎదురుగా వేస్తే ఏమీ తెలియదు. పక్కనుంచి, బొమ్మని రాసుకుంటూ పోతున్నట్టు వాలుగా వేస్తే అప్పటిదాకా కనబడని నొక్కులు, మడతలు, రంగు లేచిపోతున్న చోట్లు అన్నీ నీడలుగా తేలతాయి. అది చూసినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వెంకటగిరి చీర కొనేటప్పుడు ఆవిడ షాపతను చెప్పేది చెవిన వేసుకోదు, చీరని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి అడ్డంగా పట్టుకుని మూర మూర చూస్తుంది, పోగు తప్పిన చోట వేలు పెట్టి ధర తగ్గించమంటుంది. చిన్నప్పట్నించీ ఆవిడ పక్కన నిలబడి విసుక్కున్నదాన్ని, అదే పనికి సర్టిఫికెట్ తెచ్చుకున్నా.

తర్వాత నంబర్లు. ప్రతి వస్తువుకీ ఒక ప్రవేశ సంఖ్య ఉంటుంది. 2017.31.4 అని ఉంటే 2017లో వచ్చిన 31వ విడతలో నాలుగో వస్తువని అర్థం. చాలా మ్యూజియాల్లో ఈ పద్ధతే. మొదట్లో బోరు, పోనుపోను బాగుంటుంది, నంబరు చూడగానే ఇది ఎప్పుడు వచ్చింది, దీంతోపాటు ఇంకేం వచ్చాయి అని లెక్క కట్టేస్తాం.

గోడకి వేలాడదీసేటప్పుడు సాయం చేశాను. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో రావాలని ఒక లెక్క, నిలబడ్డ మనిషి చూపు దాదాపు అక్కడ పడుతుంది. మేకు ఎక్కడ కొట్టాలంటే, ఆ ఎత్తుకి ఫ్రేము ఎత్తులో సగం కలిపి, అందులోంచి ఫ్రేము పైఅంచుకీ బిగించి లాగిన వైరుకీ మధ్య ఉన్న దూరం తీసేయాలి. ఈ లెక్క నాన్నకి ఫోన్లో చెప్తే, "దీనికి బెంగళూరు దాకా పోవాల్నా, మన షాపులో రోజూ చేసేది అదే గదా" అన్నాడు. నిజమే. కాకపోతే మన ఇళ్లల్లో పటాలు తలుపు పైన, మెడ నొప్పి పుట్టే ఎత్తులో పెట్టించుకుంటారు, అది భక్తి లెక్క.

ఇవి కాక పాత ఆహ్వాన పత్రికలు స్కాన్ చేయడం, స్కూలు పిల్లలు వస్తే వాళ్ల వెంట తిరగడం, గోడ మీద బొమ్మ పక్కన పెట్టే చిన్న అట్ట ముక్క మీద రాత సరిచూడటం. ఎక్సెల్ షీట్లు చాలా ఉంటాయి, ముందే చెప్తున్నా.

వెలుతురు ఎందుకంత తక్కువ పెడతారు? కరెంటు ఆదా చేయడానికా?

చాలామంది అడిగారు ఇది. కాగితం మీద వేసినవాటికి, బట్టలకి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) మించకుండా చూస్తారు, ఆయిల్ పెయింటింగులకి 200 దాకా ఫర్వాలేదు. మన మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, పోల్చుకోండి. మీ ఇంట్లో కిటికీకి ఎదురుగా ఏళ్ల తరబడి ఉన్న దేవుడి క్యాలెండర్ ఉంటే ఒకసారి చూడండి, లక్ష్మీదేవి చీర ఎరుపు పోయి, పసుపు పోయి, మొత్తం నీలంగా మిగిలి ఉంటుంది. ఆ సిరాల్లో ఎరుపు, పసుపు ముందు చచ్చిపోతాయి. పోయిన రంగు మళ్లీ రాదు, మందులేని జబ్బు అది. అందుకే కాగితం బొమ్మల్ని కొన్ని నెలలు చూపించి మళ్లీ చీకట్లో పెట్టేస్తారు.

తెల్ల గ్లౌజులు వేసుకోవాలా?

సినిమాల్లో చూసి అడుగుతున్నారు. కాటన్ గ్లౌజులు జారతాయి, స్పర్శ తెలియదు. మాకు ఫొటోలకి, లోహపు వస్తువులకి నైట్రైల్ గ్లౌజులు, డాక్టర్లు వేసుకునేలాంటి పల్చటివి, ఇచ్చారు, మామూలు కాగితాలకి చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకుని రమ్మన్నారు. ఫ్రేముని పైకొస పట్టుకుని ఎత్తకూడదు, ఒక చేయి కింద, ఒక చేయి పక్కన. ఎత్తేముందు దాన్ని ఎక్కడ దించాలో ఆ చోటు ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి, ఇది ఇంట్లో కూరగిన్నె దించేటప్పుడు కూడా పనికొస్తుంది.

మన జిల్లాలో అట్లాంటి మ్యూజియం లేదు గదా, యాడికి పోవాల?

మనకి చెన్నై దగ్గర, మూడు గంటల రైలు. సూళ్లూరుపేట వైపు వాళ్లకైతే లోకల్ రైలే ఉంది. అక్కడ ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చోళమండలం కళాకారుల గ్రామం ఉంది, 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ తన విద్యార్థులు, తోటి కళాకారులతో కలిసి మొదలుపెట్టింది, మద్రాసు కళా ఉద్యమం బొమ్మల మ్యూజియం అందులోనే ఉంది. అదే రోడ్డులో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర, 1996లో తెరిచారు. అది సమకాలీన కళ కాదు, దక్షిణాది ఇళ్లు, చేతిపనులు, మన చుట్టిల్లు కూడా ఉంటుంది. అయినా మ్యూజియం పని నేర్చుకోవడానికి మంచి చోటు. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం 1851 నాటిది, అందులో సమకాలీన కళకి విడిగా భవనం ఉంది, పనిలో పనిగా మన అమరావతి శిల్పాలు కూడా చూసి రండి, మనవి చూడటానికి అంత దూరం పోవాల్సి రావడం వేరే బాధ.

బెంగళూరులో ప్యాలెస్ రోడ్డు మీద మాణిక్యవేలు మాన్షన్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఉంది, 2009లో తెరిచారు. కస్తూర్బా రోడ్డులో మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ, దాన్ని మ్యాప్ అంటారు, 2023లో తలుపులు తెరిచింది. నెల్లూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు. ఢిల్లీ పోగలిగితే 1954లో మొదలైన అసలు నేషనల్ గ్యాలరీ, 2010లో వచ్చిన కిరణ్ నాడార్ మ్యూజియం. కొచ్చిలో 2012 డిసెంబరు 12న మొదలైన బినాలే మ్యూజియం కాదు, కొన్ని నెలలపాటు జరిగే ప్రదర్శన, అయితే అక్కడ పని బోలెడు, విద్యార్థుల కోసం విడిగా స్టూడెంట్స్ బినాలే కూడా పెడతారు. హైదరాబాదులో మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఉంది.

ఎప్పుడు తీసుకుంటారు, ఎంతమందిని అన్నది ఏడాదికోరకంగా మారుతుంది, వాళ్ల వెబ్‌సైట్లోనే చూసుకోండి, నన్ను అడగొద్దు.

ఉత్తరం ఏమని రాయాలి?

"చిన్నప్పటి నుండి నాకు కళలంటే ఎంతో మక్కువ" అని మొదలుపెట్టకండి, దయచేసి. అందరూ అదే రాస్తారు. రెండోచోట చేసినప్పుడు వచ్చిన దరఖాస్తుల్ని ఫైలు చేసే పని నాకే పడింది, నూటికి తొంభై అట్లాగే మొదలయ్యాయి అనిపించింది.

నేను రాసింది మా షాపు గురించి. కస్టమర్లు తెచ్చే పాత పెళ్లి ఫొటోలు అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి, మనది సముద్రం గాలి, చెమ్మ ఎక్కువ, ఫొటోకీ అద్దానికీ మధ్య ఖాళీ వదలకుండా కట్టేస్తే అంతే. మామూలు అట్టతో మౌంటు, అంటే ఫొటో చుట్టూ కనబడే అట్ట అంచు, పెడితే కొన్నేళ్లకి దాని అంచు వెంబడే కాగితం మీద టీ మరకలాంటి గీత వస్తుంది. ఇది ఎందుకు వస్తుందో తెలుసుకోవాలని ఉంది అని ఒక పేజీ రాశాను. అట్టలో ఉండే ఆమ్లం వల్లనని అక్కడికి వెళ్లాక తెలిసింది. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఆ టీ మరక గురించే మాట్లాడారు, ఇంకేం అడగలేదు.

మీ ఊళ్లో మీకు తెలిసిన ఒక్క వస్తువు గురించి రాయండి. ఉదయగిరి పిల్లలైతే ఆ చెక్క గరిటెలు, ఫోర్కులు ఎట్టా చెక్కుతారో దగ్గర్నుంచి చూసి ఉంటారు. చీమకుర్తి వాళ్లకి గెలాక్సీ గ్రానైటు పలకలో ఏది మొదటి రకం, ఏది కాదు అన్నది చుక్కలు చూడగానే తెలిసిపోతుంది, ఆ రాయి ప్రపంచమంతా పోతుంది కానీ దాన్ని చూసే కన్ను ఉన్నది అక్కడే. మార్కాపురం పలక, ఇంట్లో మగ్గం, ఏదైనా సరే. ఒక పేజీ చాలు. దరఖాస్తు కనీసం మూడు నెలల ముందు పంపండి, జవాబు రాకపోతే రెండు వారాలకి ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి, నాకు మూడో మెయిల్‌కి వచ్చింది.

నా ఇంగ్లీషు అంతంతమాత్రం అక్కా, టెన్షన్‌గా ఉంది.

నాదీ అంతే ఉండేది. మాట్లాడేటప్పుడు తడబడితే ఎవరూ పట్టించుకోలేదు. రాయడానికి మాత్రం పనికొచ్చే ముప్పై, నలభై మాటలు ఉంటాయి, మరక, మడత, చిరుగు, పగులు, బూజు, గోధుమ చుక్కలు, ఇలాంటివాటికి వాళ్లు వాడే పదాలు, అవి ఒక వారంలో వచ్చేస్తాయి. తెలుగు వచ్చినందుకు లాభం కూడా పడింది, ఒక పాత ఫొటో వెనకాల తెలుగులో రాసున్నది చదివి పెట్టింది నేనే. ఏముందనుకున్నారు, స్టూడియోవాడికి ఇవ్వాల్సిన బాకీ లెక్క. అది కూడా రికార్డులో ఎక్కించారు.

నిజం చెప్పు, కాన్వాసు మీద ఒక్క గీత గీసి లక్షలంటారు. మా చిన్నోడు కూడా వేస్తాడు గదా?

వేస్తాడేమో. నాకూ అక్కడ కొన్ని నచ్చలేదు, కొన్ని ఇప్పటికీ అర్థం కాలేదు, అర్థమైనట్టు తల ఊపే అలవాటు మాత్రం చేసుకోకండి. ఒక పని చేయండి. నచ్చని బొమ్మ ముందు పది నిమిషాలు ఫోను తీయకుండా నిలబడి, కనబడేది కనబడినట్టు కాగితం మీద రాయండి, బాగుంది బాలేదు అని కాకుండా. ఎక్కడ రంగు మందంగా ఉంది, ఎక్కడ చేయి ఆగింది, ఏది ముందు వేశాడు, ఏది దానిమీద వేశాడు. పది నిమిషాల తర్వాత కూడా నచ్చకపోవచ్చు, అప్పుడు ఎందుకు నచ్చలేదో మీరు చెప్పగలరు. ధర సంగతంటారా, అది వేరే వ్యాపారం, మన మాగుంట లేఅవుట్ అంకణం రేటు లాంటిది, మట్టికీ దానికీ సంబంధం ఉండదు.

అమ్మాయ్, ఆడపిల్లని బెంగళూరు పంపించి బొమ్మలకి కాపలా పెట్టమంటావా?

ఆంటీ, కాపలాకి వేరే సెక్యూరిటీ వాళ్లు ఉంటారు. పని వేళలు ఆఫీసు వేళలే, సాయంత్రానికి అయిపోతుంది, ప్రదర్శన మొదలయ్యే ముందు వారం మాత్రం ఆలస్యమవుతుంది. స్టోరులో ఒక్కరినే ఎవరినీ వదలరు, అది పిల్లల భద్రత కోసం కాదులెండి, బొమ్మల భద్రత కోసం, మనకి మాత్రం లాభమే.

మా నాన్న కూడా మొదట ఒప్పుకోలేదు. చివరికి తనే నన్ను దింపడానికి వచ్చాడు, పీజీ చూశాడు, వంట రుచి చూశాడు, మ్యూజియం దగ్గరికొచ్చి బయట నిలబడితే లోపలికి రమ్మన్నారు. అక్కడ ఫ్రేములు కట్టే ఆయన కన్నడ, మా నాన్న తెలుగు, ఇద్దరూ ఒక ఫ్రేముని బోర్లా తిప్పిపెట్టి, అట్ట ఏంటి, వెనక టేపు ఏంటి అని చేతులతోనే అరగంట మాట్లాడుకున్నారు. ఫెవికాల్ సంగతి వచ్చేసరికి ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నాన్నకి విషయం అర్థమైంది. ఇప్పుడు షాపులో ఆమ్లం లేని అట్ట కూడా పెడుతున్నాడు, ధర ఎక్కువని చాలామంది అడగరు, అయినా పెడుతున్నాడు. మీరూ ఒకసారి అమ్మాయితో కలిసి వెళ్లి చూసి రండి, ఫోన్లో ఎంత చెప్పినా నమ్మకం కుదరదు.

డబ్బులిస్తారా?

కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల ఒక్క రూపాయి ఇవ్వరు. నాకు మొదటిచోట ఇచ్చింది బస్సు చార్జీలకి, మధ్యాహ్నం భోజనానికి సరిపోయింది, పీజీ అద్దె నాన్నే కట్టాడు. దీనిమీద నాకు కోపం ఉంది, దాచుకోను. ఊళ్లో ఇల్లున్న బెంగళూరు పిల్లకి అది ఫర్వాలేదు, కందుకూరు నుంచో కనిగిరి నుంచో వచ్చేవాళ్లకి మూడు నెలల అద్దె అంటే ఇంట్లో ఒక పంట డబ్బు. చేరేముందు మొహమాటపడకుండా అడగండి, స్టైపెండ్ ఎంత, ఏ తేదీన ఇస్తారు, ఉండటానికి చోటు చూపిస్తారా. వారానికి కొన్ని రోజులు ఇంటి నుంచి చేసే పని ఉందా అని కూడా అడగొచ్చు, స్కానింగ్ తర్వాత వివరాలు ఎక్కించడం లాంటివి ఎక్కడ కూర్చుని చేసినా ఒకటే.

ఇంకోమాట. మిమ్మల్నే డబ్బు కట్టమంటే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. నేను సెకండియర్‌లో ఒక ఆన్‌లైన్ సంస్థకి ఫీజు కట్టి ఆర్ట్ ఇంటర్న్‌షిప్ చేశాను, వాళ్ల పోస్టులు నా స్నేహితులకి పంపడం తప్ప చేసిందేం లేదు, సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు కూడా తప్పు.

కాలేజీ క్రెడిట్లకి పనికొస్తుందా?

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కాబట్టి ఎట్లాగూ ఏదో ఒకటి చేయాలి. యూజీసీ 2024 మార్గదర్శకాల ప్రకారం ఒక క్రెడిట్‌కి 30 గంటలు, అంటే 120 గంటలకి 4 క్రెడిట్లు. చేరకముందే మీ మెంటార్ సార్ దగ్గర రాతపూర్వకంగా ఒప్పించుకోండి, చేసొచ్చాక "మ్యూజియమా, అది నీ సబ్జెక్టు కాదు గదా" అంటే తల పట్టుకోవాలి. నేను ఇన్వెంటరీ, ఇన్సూరెన్స్, లోన్ ఒప్పందాలు అని కామర్స్ భాషలో రాసి ఒప్పించాను. అబద్ధమేం కాదు.

టీలు, జిరాక్సులు తెప్పిస్తారా?

జిరాక్సులు తీశాను. టీ నాకే ఎవరో ఒకరు పోసిచ్చారు.

తప్పు చేస్తే?

చేస్తారు. నేను చేసింది చెప్తా.

మా షాపులో సైజు అంటే పన్నెండు పద్దెనిమిది, అంతే. ఏది ఎత్తు, ఏది వెడల్పు అని ఎవరూ అడగరు, ఫొటో చూస్తే తెలుస్తుంది కదా. మ్యూజియంలో మాత్రం ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, తర్వాత లోతు. మొదటిరోజు చెప్పారు కూడా, నేను విన్నాను కూడా. అయినా ఒక రోజంతా కూర్చుని నలభై పైచిలుకు బొమ్మల కొలతలు తారుమారుగా ఎక్కించాను. అడ్డంగా ఉండాల్సినవన్నీ కంప్యూటర్లో నిలువైపోయాయి. రవాణాకి చెక్కపెట్టెలు చేసే వడ్రంగి ఆ కాగితం చూసి, ఫొటో చూసి, మళ్లీ కాగితం చూసి, "మేడం, ఈ బొమ్మ పడుకుందా నిలబడిందా" అని అడిగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే పెట్టెలన్నీ తప్పుగా తయారయ్యేవి.

నాకు ఏడుపొచ్చింది. మా పైన ఉన్నావిడ తిట్టలేదు, "ఎన్ని?" అని మాత్రం అడిగింది. ఎన్నో తెలియదన్నాను. ఆ మాటకి మాత్రం తిట్టింది. రాత్రి ఎనిమిదింటి దాకా ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటి సరిచేశాం. కాబట్టి తప్పు తెలియగానే దాచకండి, ఎక్కడిదాకా పాకిందో లెక్కబెట్టుకుని వెళ్లి చెప్పండి. బొమ్మకి ఏదైనా తగిలినా, ముక్క ఊడినా మీరు సరిచేయబోకండి, ఆ ముక్కని ఊడ్చిపారేయకండి, ఉన్నచోట ఉంచి పిలవండి.

ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టుకోవచ్చా?

జనం తిరిగే గ్యాలరీలో ఫ్లాష్ లేకుండా తీయొచ్చు అన్నచోట తీసుకోండి. స్టోరు లోపల తీసినవి, ఇంకా మొదలవ్వని ప్రదర్శనవి, విలువలు రాసిన కాగితాలు, ఇవి పెట్టకండి. కళాకారుడు ఉన్నాడు, కాపీరైట్ ఉంది, పైగా ఏ వస్తువు ఏ గదిలో ఉందో లోకానికి చెప్పడం ఏం తెలివి.

ఇది చేస్తే ఉద్యోగం వస్తుందా?

వెంటనే రాదు. మ్యూజియం ఉద్యోగాలు తక్కువ, ఉన్నవి పెద్ద ఊళ్లల్లో, జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలు కావు. ఇదే దారిలో పోవాలనుకుంటే చదువు ఉంది. బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ, అంటే మ్యూజియం పనుల చదువు, 1952 నుంచి చెప్తున్నారు. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కళాచరిత్ర, మ్యూజియాలజీ, పాడైన వస్తువుల్ని బాగుచేసే కన్జర్వేషన్ ఉన్నాయి, ఆ మూడోదానికి కెమిస్ట్రీ బాగా పనికొస్తుంది, మన ఊళ్లల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చేసి ఫార్మా కంపెనీ తప్ప ఇంకో దారి తెలియని పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, వాళ్లకే ఎక్కువగా చెప్తుంటా ఇది. బొమ్మలు వేసేవాళ్లయితే కడపలోనే ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఇవి కాక వేలంసంస్థలు, ప్రైవేటు గ్యాలరీలు, బొమ్మల్ని ప్యాక్ చేసి పంపే రవాణా కంపెనీలు, కంపెనీల పాత రికార్డులు చూసుకునే ఆర్కైవులు. నేనిప్పుడు చేసేది అలాంటి ఆర్కైవులోనే, బీకాం వృథా పోలేదు.

పోయేముందు ఇక్కడే ఏమన్నా నేర్చుకోవచ్చా?

ఇంట్లో పాత ఫొటోల డబ్బా ఉంటుంది కదా, దానితో మొదలుపెట్టండి. ఒక్కో ఫొటోకి నంబరు వేయండి, ఫొటో వెనక కాదు, దాన్ని పెట్టిన కవరు మీద, పెన్సిలుతో. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది అమ్మమ్మని అడిగి రాయండి, ఆవిడకి గుర్తులేకపోతే "తెలియదు" అని రాయండి, ఊహించి రాయకండి. ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. మచ్చలు కొలిచి రాయండి. ఇరవై ఫొటోలు పూర్తయితే ఆ షీటుని దరఖాస్తుతో జతచేయండి. మా జూనియర్ ఒకమ్మాయి, అల్లూరు దగ్గర పల్లె, ఇదే చేసి పంపితే చెన్నైలో ఒకచోట తీసుకున్నారు. ఆ షీటులో ఏడో నంబరు ఫొటోలో ఉన్నది ఎవరో ఇంట్లో ఇప్పటికీ గొడవే, మేనమామ అని కొందరు, కాదని కొందరు.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

పెన్సిళ్లు, రబ్బరు, నోటుబుక్కు, సెంటీమీటర్లున్న టేపు, అంగుళాలది పనికిరాదు. చప్పుడు చేయని చెప్పులు. ఒక పల్చటి స్వెట్టరు, స్టోరులో ఏసీ రాత్రీ పగలూ ఆగదు, నెల్లూరు ఎండల్లో పెరిగినవాళ్లం మొదటి వారం వణికిపోతాం. ఆవకాయ తీసుకెళ్లండి కానీ మూత బిగుతుగా పెట్టి పీజీలోనే వదిలేయండి, మ్యూజియం లోపలికి నూనె సరుకు రానివ్వరు, గేటు దగ్గర బ్యాగు విప్పించినప్పుడు ఆ వాసనకి నా వెనకున్న నలుగురూ మూత తియ్యమని అడిగారు.